ఒంటి మాట, రక్తం మాట: పేగుపూతపై ఒక సంవాదం

పేగుపూత ఒకసారి మొదలైతే జీవితాంతం వెంట ఉండే జబ్బు. ఇందులో ప్రధానంగా రెండు రకాలు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరను పుండు చేస్తుంది. క్రోన్స్ జబ్బు నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ లోతుల్లోకీ దిగవచ్చు. రెండూ కొంతకాలం అణగి ఉంటాయి, మళ్లీ తిరగబెడతాయి. అణగిందా, తిరగబెడుతోందా అన్నది తేల్చడానికి డాక్టర్లు తరచూ రాసేవి సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ లాంటి రక్తపరీక్షలు. ఆ అంకెలు ఒకటి చెప్పి, ఒళ్లు ఇంకొకటి చెబితే దేన్ని నమ్మాలి? ఈ ప్రశ్న మీద ఒక అక్క, ఒక తమ్ముడు వాదించుకుంటున్నారు. అక్క హైస్కూలు టీచరు. చాలా ఏళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్‌తో నెట్టుకొస్తున్నారు. తమ్ముడు పాథాలజిస్టు. సొంతంగా ల్యాబు నడుపుతున్నారు.

అక్క: నువ్వేమైనా అనుకోరా, ఇక సీఆర్‌పీకి రక్తం ఇవ్వను. కిందటిసారి జబ్బు తిరగబెట్టినప్పుడు రోజుకు నాలుగైదుసార్లు రక్తం, జిగట పడ్డాయి. పరీక్ష చేయిస్తే 3 వచ్చింది. 5 లోపుంటే నార్మలట. ఆ కాగితం చూసి డాక్టరు, లోపల ఏమీ లేదు, మొలలై ఉంటాయన్నాడు. నా కళ్లకు కనబడుతున్న రక్తం ఆ పరీక్షకు కనబడనప్పుడు అది నాకెందుకు?

తమ్ముడు: దానికి కనబడని చోటుకు దాన్ని సాక్ష్యానికి పిలిచారక్కా. సీఆర్‌పీ పేగులో తయారయ్యేది కాదు, కాలేయంలో తయారవుతుంది. పేగులో పుండు పడినచోట రక్షణ కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సంకేత రసాయనాలను వదులుతాయి. అవి రక్తంలో కలిసి తగినంతగా కాలేయాన్ని చేరితేనే అది సీఆర్‌పీ తయారీ పెంచుతుంది. పొలంలో గడ్డివామి అంటుకుంటే పట్నంలో ఫైరాఫీసు గంట మోగడం లాంటిదిది. కబురు చేరితేనే గంట. కబురు చేరకపోతే గంట మోగదు, వామి మాత్రం కాలుతూనే ఉంటుంది. నీ జబ్బు మలాశయానికీ, దానిపైన పెద్దపేగులో కొంతభాగానికీ పరిమితం. అదీ లోపలి పొరలోనే. అలాంటివాళ్లలో పుండ్లున్నా సీఆర్‌పీ పెరగకపోవడం వింతేమీ కాదు.

అక్క: అయితే నాలాంటివాళ్లకు అది పనికిరాదని నువ్వే ఒప్పుకున్నావు.

తమ్ముడు: నార్మల్ వచ్చింది కాబట్టి జబ్బు లేదు అనడానికి పనికిరాదు. అంతవరకే ఒప్పుకుంటాను. క్రోన్స్ సంగతి వేరు. అక్కడ వాపు పేగు గోడ లోతుకు దిగుతుంది, చుట్టూ ఉన్న కొవ్వు దాకా పాకుతుంది. అందుకే కొలైటిస్ కంటే క్రోన్స్‌లో సీఆర్‌పీ ఎక్కువగా పెరుగుతుంది. అయితే అక్కడా మినహాయింపులున్నాయి. సీఆర్‌పీ జన్యువులో ఉండే చిన్న చిన్న తేడాల వల్ల కొందరి కాలేయం ఎంత కబురొచ్చినా పెద్దగా స్పందించదు.

అక్క: మరి ఎవరి ఒళ్లు స్పందిస్తుందో, ఎవరిది స్పందించదో ముందే ఎలా తెలుస్తుంది?

తమ్ముడు: అసలు అడగాల్సిన ప్రశ్న అదే. కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీలో పుండ్లు స్పష్టంగా కనబడిన రోజుల్లోనే రక్తం తీసి చూడాలి. అప్పుడు సీఆర్‌పీ 40 వచ్చిందనుకో, ఆ మనిషి విషయంలో అది నమ్మదగ్గ గుర్తు. ఆ తరువాత ఏళ్లపాటు దానితో జబ్బు కదలికను కనిపెట్టవచ్చు. పుండ్లు నిండుగా ఉన్నప్పుడే 3 వచ్చిందనుకో, ఆ మనిషి ఫైలు మీద పెద్దక్షరాలతో రాసిపెట్టాలి, ఈమె విషయంలో నార్మల్ సీఆర్‌పీని నమ్మవద్దని. నీ ఫైలు మీద అది ఎవరూ రాయలేదు. లోపం అక్కడుంది.

అక్క: ఫైలు మీద ఎవరూ రాయకపోయినా నా ఒళ్లు నాకు చెబుతూనే ఉంది. క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ సుద్దముక్క కింద పెట్టి పరుగెత్తాల్సి వస్తుంది. ఊరెళ్లాలంటే బస్సు ఎక్కడ ఆగుతుందో, అక్కడ బాత్రూమ్ ఉందో లేదో కనుక్కుని గాని టికెట్టు తీసుకోను. ఆ ఆపుకోలేనితనాన్ని కొలిచే రక్తపరీక్ష ఏదైనా ఉందా మీ ల్యాబులో?

తమ్ముడు: లేదు. దాన్ని నువ్వు చెబితేనే తెలుస్తుంది. కానీ అక్కా, ఒళ్లు చెప్పేది అబద్ధం కాకపోయినా అసంపూర్ణం కావచ్చు. మన బాబాయి కొడుకును గుర్తు తెచ్చుకో. చిన్నపేగు చివర క్రోన్స్. మందులు మొదలుపెట్టాక నొప్పి పోయింది, ఒళ్లు చేశాడు, పరీక్షలకు రావడం మానేశాడు. అంతకుముందు చేయించిన ప్రతి రిపోర్టులోనూ సీఆర్‌పీ 20 పైనే. బాగున్నాను కదా అన్నాడు. చివరికి పేగు సన్నబడి తిన్నది దిగక వాంతులతో ఆసుపత్రిలో చేరాడు, కొంత పేగు కోసి తీసేయాల్సి వచ్చింది. క్రోన్స్‌లో రోగి చెప్పే బాధల తీవ్రతకూ, కొలనోస్కోపీలో కనబడే పుండ్లకూ పొంతన చాలా తక్కువని పరిశోధకులు మళ్లీ మళ్లీ చూశారు. పైకి బాగానే ఉన్నవాళ్లలో చాలామందికి లోపల పుండ్లు మానవు. నొప్పితో మెలికలు తిరిగేవాళ్లలో కొందరికి పేగు పూర్తిగా మాని ఉంటుంది. వాళ్లకు నొప్పి పేగు కదలికల తేడాల వల్లో, నరాల సున్నితత్వం వల్లో వస్తుంది. అలాంటివాళ్లకు స్టెరాయిడ్లు పెంచితే మేలు జరగదు, కీడే.

అక్క: వాడి విషయంలో నువ్వన్నది నిజమే. అయితే ఇది కూడా చెప్పు. ఒకసారి నా ఈఎస్‌ఆర్ 60 వచ్చింది. ఇంట్లో అందరూ హడలిపోయారు. అప్పుడు నాకు విరేచనాలు లేవు, రక్తం లేదు. మీ అంకెల లెక్కన నేను పడకలో ఉండాలి. నేను మాత్రం స్కూల్లో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.

తమ్ముడు: అప్పుడు నీ హిమోగ్లోబిన్ ఎంత?

అక్క: తొమ్మిది చిల్లర.

తమ్ముడు: అదే కారణం కావచ్చు. ఈఎస్‌ఆర్ అంటే సన్నని గొట్టంలో నిలబెట్టిన రక్తంలో ఎర్రకణాలు గంటకు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయన్న లెక్క. పోలెండ్‌కు చెందిన బియెర్నాట్స్కీ 1897లోనే దీన్ని గమనించాడు. స్వీడన్‌లో ఫోరియస్ 1918లో దీని మీద రాశాడు, వెస్టర్‌గ్రెన్ 1921లో కొలిచే పద్ధతిని స్థిరపరిచాడు. ఒంట్లో వాపు ఉన్నప్పుడు ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ పెరిగి ఎర్రకణాలు దొంతరలుగా అతుక్కుంటాయి, బరువెక్కి త్వరగా దిగుతాయి. రక్తహీనత ఉన్నా త్వరగానే దిగుతాయి. వయసు పెరిగినా, గర్భం దాల్చినా ఈఎస్‌ఆర్ పెరుగుతుంది. పైగా ఫైబ్రినోజెన్ రక్తంలోంచి మెల్లగా పోతుంది కాబట్టి జబ్బు తగ్గాక కూడా ఈఎస్‌ఆర్ వారాల తరబడి దిగిరాదు. సీఆర్‌పీ అలా కాదు. వాపు మొదలైన కొన్ని గంటల్లోనే పెరగడం మొదలుపెడుతుంది, రెండు రోజుల్లో శిఖరానికి చేరుతుంది. కారణం తొలగితే సుమారు 19 గంటలకోసారి సగానికి సగం పడిపోతుంది. నిన్నటి సంగతి తెలియాలంటే సీఆర్‌పీ. ఈఎస్‌ఆర్ చాలా రోజుల సంగతిని కలిపి చెబుతుంది.

అక్క: ఇంత తెలిసిన మీరు రెండూ కలిపి రాసి, రెండూ వేర్వేరు మాట చెబితే మమ్మల్ని భయపెట్టి పంపుతారు.

తమ్ముడు: భయపెట్టేవి ఇంకా ఉన్నాయి. ఒక ల్యాబు సీఆర్‌పీని లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తుంది, ఇంకొకటి డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తుంది. ఒకచోట 0.8, మరోచోట 8 అంటే రెండూ ఒకటే. ల్యాబు మార్చిన రోగి అది తెలియక జబ్బు పదింతలైందని ఏడుస్తాడు. రిపోర్టు చేతికి రాగానే అంకె పక్కనున్న కొలమానం చూడమని నా దగ్గరికొచ్చే ప్రతివాళ్లకూ చెబుతాను.

అక్క: సరే, ఇవన్నీ జాగ్రత్తలు. నా వాదన వేరు. రోగి నోటితో చెప్పేదే మొదటి ఆధారం, రక్తం ఆ తరువాతే అంటాను. మీ వైద్యశాస్త్రంలో దానికి బలం లేదా?

తమ్ముడు: ఉంది, గట్టి బలమే ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1955లో కొలైటిస్‌కు కార్టిజోన్ ఎంత పనిచేస్తుందో నిరూపించారు. జబ్బు తీవ్రమైందని ఎప్పుడు అనాలో అప్పుడే కొన్ని గుర్తులు పెట్టారు. కొద్ది మార్పులతో ఇప్పటికీ వాటినే వాడుతున్నాం. రోజుకు 6 లేదా అంతకు మించి రక్త విరేచనాలు కావాలి. దానికి తోడు ఒక్కటున్నా చాలు: జ్వరం 37.8 డిగ్రీల సెల్సియస్ దాటడం, నాడి నిమిషానికి 90 దాటడం, హిమోగ్లోబిన్ 10.5 కంటే తగ్గడం, ఈఎస్‌ఆర్ 30 దాటడం. మొదటి గుర్తు రోగి చెప్పాల్సిందే. అది లేకుండా మిగతావన్నీ కలిసినా తీవ్రమైన కొలైటిస్ అనరు.

అక్క: చూశావా!

తమ్ముడు: తొందరపడకు. అదే ఆక్స్‌ఫర్డ్ నుంచి 1996లో ట్రావిస్ బృందం ఇంకొకటి చెప్పింది. తీవ్రమైన కొలైటిస్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లకు నరంలోకి స్టెరాయిడ్ ఇస్తూ మూడో రోజు చూశారు. అప్పటికీ రోజుకు 8 కంటే ఎక్కువ విరేచనాలైనా, లేదా 3 నుంచి 8 మధ్య ఉండి సీఆర్‌పీ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటినా, వాళ్లలో 85 శాతం మందికి ఆ దఫాలోనే పెద్దపేగు తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడైతే మూడో రోజు ఈ లెక్క చూసుకుని ఇన్‌ఫ్లిక్సిమాబో, సైక్లోస్పోరినో మొదలుపెడతారు, సర్జన్‌కు కబురంపుతారు. స్టెరాయిడ్ పడ్డాక రోగికి కాస్త తెరిపిగా అనిపించవచ్చు. రోజుకు నాలుగుసార్లే వెళ్తున్నాను, తగ్గుతోందని అంటారు కూడా. సీఆర్‌పీ 60 ఉంటే ఆ తెరిపిని నమ్ముకుని కూర్చోకూడదు. ఇంకా వారం చూద్దామంటే పేగుకు చిల్లులు పడవచ్చు. ఆ మూడో రోజు ఆ అంకె ప్రాణం నిలబెడుతుంది.

అక్క: ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్ల విషయంలో నీతో వాదన లేదు. గంటల మీద మారే జబ్బుకు గంటల మీద మారే గుర్తు కావాలి. నేను అడిగేది ఇళ్లల్లో, ఉద్యోగాల్లో ఏళ్ల తరబడి ఈ జబ్బుతో బతికేవాళ్ల గురించి. నా నీరసం సంగతే చూడు. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి నిలబడలేను. ఫెరిటిన్ పరీక్ష చేసి 70 ఉంది, ఐరన్‌కేం లోటు లేదు, మనసుకు విశ్రాంతి ఇవ్వమన్నారు. నాకు తెలుసు, అది మనసు నీరసం కాదని.

తమ్ముడు: ఇక్కడ నీ ఒళ్లే నిజం చెప్పింది. ఫెరిటిన్ ఒంట్లో ఐరన్ నిల్వను చూపిస్తుంది గానీ, వాపు ఉన్నప్పుడు దానంతటదే పెరుగుతుంది. వాపు లేని మనిషికి 30 కంటే తగ్గితే లోటు అంటారు. పేగుపూత చురుగ్గా ఉన్నవాళ్లకు 100 దాకా ఉన్నా లోటు ఉండవచ్చునని యూరప్ నిపుణుల సూచనలు చెబుతాయి. అందుకే ఫెరిటిన్ ఒక్కటే చూడకూడదు. పక్కన సీఆర్‌పీ, రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంత నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ చూడాలి. ఇంకొకటి కూడా ఉంది. ఇంటర్‌ల్యూకిన్-6 కబురందితే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను కూడా పెంచుతుంది. హెప్సిడిన్ పెరిగితే పేగు ఐరన్‌ను లోపలికి రానివ్వదు. అప్పుడు మాత్రలు ఎన్ని మింగినా ఒంటబట్టవు. జబ్బు చురుగ్గా ఉన్నవాళ్లకు ఐరన్‌ను నరంలోకి ఎక్కించడం అందుకే.

అక్క: అంటే ఆ పరీక్ష తప్పు చెప్పలేదు, దాన్ని ఒంటరిగా చదివారు.

తమ్ముడు: అంతే. ఆల్బుమిన్ కూడా అలాంటిదే. వాపు పెరిగితే ఆల్బుమిన్ తగ్గుతుంది. పుండ్లలోంచి ప్రొటీన్ కారిపోయినా తగ్గుతుంది, తిండి సరిపోకపోయినా తగ్గుతుంది. అది బాగా తగ్గినవాళ్ల ఒంట్లోంచి ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఖరీదైన మందు కూడా త్వరగా బయటికి పోతుంది. ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షలు దాటితే అది కూడా వాపుకు గుర్తు కావచ్చు. ఈ జబ్బు తిరగబెట్టినప్పుడు కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి, ఆసుపత్రిలో చేరినవాళ్లకు గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇస్తారు. ఇవన్నీ నాలుగు చుక్కల రక్తంలో దొరికే సమాచారం. నీ ఒళ్లు చెప్పలేనివి.

అక్క: సమాచారం ఎక్కువైతే అపార్థమూ ఎక్కువవుతుంది. మన నేల మీద జ్వరాలు తక్కువా? డెంగీ, టైఫాయిడ్, చికున్‌గున్యా. పంటి చిగురు చీము పట్టినా సీఆర్‌పీ పెరుగుతుందట కదా. సీఆర్‌పీ పెరిగింది, జబ్బు తిరగబెట్టింది అని స్టెరాయిడ్ మొదలుపెడితే నా గతేమిటి?

తమ్ముడు: ఈ మాట ప్రతి ల్యాబు గోడ మీదా రాసిపెట్టాలి. సీఆర్‌పీ పుట్టింది పేగు జబ్బు కోసం కాదు. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దాన్ని కనిపెట్టారు. ఎక్కడ వాపు ఉన్నా పెరుగుతుంది, ఎక్కడుందో మాత్రం చెప్పదు. ఊబకాయం ఉన్నవాళ్లలో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో కూడా కాస్త పెరిగే ఉంటుంది. పేగుపూత తిరగబెట్టినట్టు కనబడినా, ముందు మలపరీక్ష చేసి సూక్ష్మక్రిముల వల్ల కాదని తేల్చుకోవాలి. ముఖ్యంగా క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసీల్ ఇన్‌ఫెక్షన్ అచ్చంగా ఇలాగే కనబడుతుంది.

అక్క: క్షయ సంగతి చెప్పలేదు.

తమ్ముడు: మన దేశంలో అన్నిటికంటే పెద్ద చిక్కు అదే. పేగు క్షయ, క్రోన్స్ రెండూ చిన్నపేగు చివరనే ఎక్కువగా వస్తాయి. రెండింటిలోనూ నొప్పి, జ్వరం, బరువు తగ్గడం. సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రెండింటిలోనూ పెరుగుతాయి. ఎంత పెరిగినా వాటితో ఒకదాన్నుంచి ఇంకొకదాన్ని విడదీయలేం. ముక్క తీసి పరీక్షించాలి, స్కాన్ చూడాలి, కొన్నిసార్లు క్షయ మందులిచ్చి పుండ్లు మానుతున్నాయా అని మళ్లీ కొలనోస్కోపీ చేయాలి. ఇది తేలకుండా ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి, వాపు పెంచే టీఎన్‌ఎఫ్ అనే సంకేత రసాయనాన్ని అడ్డుకునే మందులు మొదలుపెడితే, దాగి ఉన్న క్షయ ఒళ్లంతా పాకవచ్చు. అందుకే ఆ మందులకు ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ రక్తపరీక్ష తప్పనిసరి. ఈ తేడాను సీఆర్‌పీ చెప్పలేదన్న సంగతిని ల్యాబువాళ్లమే ముందు చెప్పాలి.

అక్క: అయితే ఎక్కడుందో చెప్పగల పరీక్ష ఏదీ లేదా?

తమ్ముడు: ఉంది, కానీ రక్తంలో కాదు, మలంలో. క్యాల్‌ప్రొటెక్టిన్. న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల్లో నిండుగా ఉండే ప్రొటీన్ ఇది. 1980లో నార్వే శాస్త్రవేత్త ఫాగర్‌హాల్ బృందం దీన్ని వేరుచేసింది. పేగులో పుండు పడితే న్యూట్రోఫిల్స్ అక్కడికి చేరి, లోపలి పొర దాటి మలంలో కలుస్తాయి. కాలేయంతో పనిలేదు, సంఘటన జరిగినచోటు నుంచే వచ్చే కబురు. నీ సీఆర్‌పీ 3 ఉన్నరోజు ఇది చేసి ఉంటే వందల్లో వచ్చేదని నా నమ్మకం.

అక్క: మలం డబ్బాలో పెట్టి తెమ్మంటే ఎంతమంది తెస్తారు? ఆడవాళ్లు ఎంత సిగ్గుపడతారో నీకు తెలియదు. ఖరీదు కూడా సీఆర్‌పీకి చాలా రెట్లు.

తమ్ముడు: నిజమే. సిగ్గు తీయగలిగేది మా మాట తీరే. ఆ ప్రొటీన్ త్వరగా పాడవదు, పొద్దున తీసింది మర్నాడు తెచ్చినా పనిచేస్తుందని ఓపికగా చెబితే చాలామంది తెస్తారు. దీనికీ లోపాలున్నాయి. మోకాళ్ల నొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు దీన్ని పెంచుతాయి. పేగు క్షయలోనూ, మామూలు బ్యాక్టీరియా విరేచనాల్లోనూ పెరుగుతుంది. కానీ పేగులో వాపు ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు రక్తం కంటే మెరుగైన జవాబిస్తుంది.

అక్క: ఇక నా అసలు అభ్యంతరానికి వస్తాను. నేను బాగున్నాను, హాయిగా తింటున్నాను, నిద్రపోతున్నాను. అప్పుడు నీ పరీక్షలో అంకె పెరిగింది. అంకె కోసం మందు పెంచాలా? మందులకు దుష్ఫలితాలున్నాయి, ఖర్చుంది. పదిహేను వేలు జీతం వచ్చే ఇంట్లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి బయలాజికల్ ఇంజెక్షన్ అంటే పిల్లల ఫీజు ఆగిపోవడం. ఒంటికి బాధ లేనప్పుడు కాగితానికి వైద్యం చేయడం న్యాయమా?

తమ్ముడు: 2017లో లాన్సెట్ పత్రికలో కామ్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. కొత్తగా క్రోన్స్ వచ్చిన 244 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు బాధల్ని బట్టే మందు పెంచారు. రెండో గుంపుకు బాధలతో పాటు సీఆర్‌పీ 5, క్యాల్‌ప్రొటెక్టిన్ 250 చేరినా మందు పెంచారు. 48 వారాల తరువాత పేగు మానినవాళ్లు మొదటి గుంపులో 30 శాతం, రెండో గుంపులో 46 శాతం. అంకెల్ని లెక్కలోకి తీసుకోవడం వల్ల వందమందిలో ఇంకో 16 మంది పేగులు మానాయి. పేగు మానడం అంటే రేపు సన్నబడకుండా, నాళవ్రణాలు పడకుండా కాపాడుకోవడం. మీ కొలైటిస్‌లోనైతే వాపు ఏళ్ల తరబడి అణగకపోతే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. బాధ లేని వాపు కూడా వాపే.

అక్క: అంకెలు చూసి మందు పెంచినా వందలో 54 మందికి మానలేదని కూడా అదే పరిశోధన చెబుతోంది. పైగా అది కొత్తగా క్రోన్స్ వచ్చినవాళ్ల మీద చేసింది. ఏళ్లనాటి కొలైటిస్ ఉన్న నాకు దాన్ని యథాతథంగా అతికించవద్దు.

తమ్ముడు: సరైన మాట. అతికించను. కొలైటిస్ విషయంలో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2023లో ఇచ్చిన సూచనలు చూద్దాం. బాధలేమీ లేకుండా, క్యాల్‌ప్రొటెక్టిన్ 150 లోపు, సీఆర్‌పీ 5 లోపు ఉంటే ప్రతిసారీ కొలనోస్కోపీ అక్కర్లేదు. బాధలు లేకపోయినా క్యాల్‌ప్రొటెక్టిన్ పెరిగితే వెంటనే మందు మార్చేయమనలేదు, లోపలికి చూసి తేల్చుకోమన్నారు. కొద్దిపాటి బాధలుంటే అంకె పెరిగినా, నార్మల్‌గా ఉన్నా దాని మీదే ఆధారపడకుండా లోపలికి చూడమన్నారు. బాధలు ఎక్కువగా ఉండి అంకెలు కూడా పెరిగితే, కొలనోస్కోపీ కోసం ఆగకుండా వైద్యం పెంచవచ్చన్నారు.

అక్క: అంటే నేను రక్తం పడుతోందని వెళ్లిన రోజున, సీఆర్‌పీ 3 చూసి ఏమీ లేదని పంపడానికి ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. నా మాట, నీ అంకె రెండూ కలిస్తే ముందుకు పోవచ్చు. రెండూ విడిపోతే లోపలికి చూడాలి. ఏ ఒక్కటీ రెండోదాన్ని కొట్టేయకూడదు.

తమ్ముడు: నా వాదన కూడా అక్కడికే వచ్చింది. విడిపోవడమే విలువైన సమాచారం. రెండూ ఒకే మాట చెబితే కొత్తగా తెలిసేది తక్కువ. వేర్వేరుగా చెప్పినప్పుడే తెలియనిదేదో ఉందని అర్థం. అప్పుడు ఒకదాన్ని పారేసి ఇంకొకదాన్ని పట్టుకోవడం సోమరితనం.

అక్క: అయినా ఒకచోట నీతో ఏకీభవించను. బాగున్నప్పుడు కూడా మూడు నెలలకోసారి పరీక్షలంటావు. రిపోర్టు వచ్చేదాకా ఆ వారం అన్నం సహించదు. బాగున్న మనిషిని మళ్లీ రోగిని చేస్తున్నారు. నేను ఆరునెలలకు, వీలైతే ఏడాదికి ఒకసారి చేయించుకుంటాను.

తమ్ముడు: ఇందాక చెప్పిన సూచనల్లోనూ బాధల్లేనివాళ్లకు 6 నుంచి 12 నెలలకోసారనే ఉంది. మందు ఈమధ్యే మార్చినవాళ్లకు నేను అంత ఆగను. నీ అంకె పెరిగితే మాత్రం రెండు వారాల్లో మళ్లీ చేయిస్తాను, అప్పుడూ పెరిగితే కొలనోస్కోపీకి పంపుతాను. చూద్దాంలే అంటే ఊరుకోను.

అక్క: పంపు, వస్తాను. లోపల పుండు కళ్లతో చూపించి మందు పెంచుదామంటే వింటాను. కాగితం మాత్రమే చూపించి పెంచుదామంటే వినను.

తమ్ముడు: అంతకంటే నేను అడిగేది కూడా లేదు. ఒక్క కోరిక. నీ ఫైలు మొదటి పేజీ మీద నువ్వే రాసిపెట్టుకో. జబ్బు బాగా ఉన్నట్టు కొలనోస్కోపీలో తేలినప్పుడు నీ సీఆర్‌పీ, క్యాల్‌ప్రొటెక్టిన్ ఎంతో, పూర్తిగా మానినప్పుడు ఎంతో. నీతో పోల్చాల్సింది ఆ అంకెల్నే, ల్యాబు అచ్చువేసిన నార్మల్‌ను కాదు. ఊరు మారినా, డాక్టరు మారినా ఆ పేజీ నీ తరఫున మాట్లాడుతుంది.

అక్క: రాస్తాను. దానికింద ఇంకో వరుస కూడా రాస్తాను. రోజుకు ఎన్నిసార్లు వెళ్లానో, రాత్రి లేవాల్సి వచ్చిందో లేదో, రక్తం పడిందో లేదో, ఆపుకోగలిగానో లేదో. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా రెండు వరుసలూ చదివాకే మాట్లాడమంటాను. రక్తం తీయించుకునే ముందు ఒక ప్రశ్న కూడా అడుగుతాను. ఈ పరీక్షతో మీరు ఏం తేల్చుకోవాలనుకుంటున్నారు, ఎక్కువ వస్తే ఏం చేస్తారు, తక్కువ వస్తే ఏం చేస్తారు అని. జవాబు చెప్పగలిగితే చేయి చాపుతాను. చెప్పలేకపోతే ఆ పరీక్ష నాకోసం కాదని అర్థం చేసుకుంటాను. ఈ జబ్బుతో బతికే ప్రతి మనిషికీ ఆ ప్రశ్న అడిగే హక్కుంది, జవాబు చెప్పాల్సిన బాధ్యత మీకుంది.